కాగితపు గుజ్జు, గాజు ముక్కలు, వైరు బుట్ట

మొన్న జుట్టుకు పట్టిద్దామని రాత్రి నానబెట్టిన మెంతుల గిన్నె పొద్దున్నే వంటింటి గట్టు మీద ఒలికింది. కింద పరిచిన పాత పేపరు ఆ నీళ్లన్నీ పీల్చుకుంది. గుడ్డ తెచ్చి తుడిచేలోపే ఒక వాసన లేచింది. నానిన మెంతులు, తడిసిన పేపరు. విడివిడిగా అయితే ఆ రెండూ రోజూ చూసేవే. కలిసి నా ముక్కుకు తగిలి మాత్రం ఎన్నో ఏళ్లయింది. మా ఆయన "ఏమిటీ కంపు?" అంటూ కిటికీ తీశారు. ఆయనది బందరు రోడ్డులో పెద్ద మేడ. వాళ్లింట్లో కాగితాలు నానబెట్టే అవసరం ఎప్పుడూ రాలేదు, ఆయనకేం తెలుస్తుంది.

గుడివాడ దగ్గర పల్లెలో మా అమ్మమ్మగారిల్లు. ఆ ఇంట్లోకి వచ్చిన కాగితం ఏదీ బయటికి పోయేది కాదు. పాత పత్రికలు, కిరాణా పొట్లాలు, మామయ్య బళ్లో దిద్దేసిన పరీక్ష పేపర్లు, శుభలేఖలు, అన్నీ ధాన్యం గది మూల ఒక గోనెసంచిలో చేరేవి. శుభలేఖలు మాత్రం అలాగే పడేయనిచ్చేది కాదు అమ్మమ్మ. వినాయకుడి బొమ్మ, లక్ష్మీదేవి బొమ్మ ఉన్న ముక్క చించి పక్కన పెట్టి, కాలవలో వదిలాకే మిగతాది సంచిలోకి. క్యాలెండరు కాగితాలు అసలు వద్దు. ఆ నున్నటి కాగితం ఎన్నాళ్లు నానబెట్టినా నానదు, రోట్లో పోటు వేస్తుంటే పక్కకి జారిపోతుంది. పరీక్ష పేపర్లు శ్రేష్ఠం. ఇంకు మాత్రం దిగిపోవాలి.

సంచి నిండేసరికి ఎండాకాలం వచ్చేది. ఆవకాయలూ, వడియాలూ అయిపోయాక, ఇక తొలకరి పడుతుందేమో అనే రోజుల్లో కాగితాల పని మొదలు. దొడ్లో పాత సిమెంటు గాబులో కాగితాలు చింపి పోసి నీళ్లు నింపేవారు. చింపడం పిల్లల పని. అంతమంది కలిసి కూర్చుని ఇష్టమొచ్చినట్టు చింపుతూ ఉంటే, తిట్టేవాళ్లు లేకపోవడం మాకు పెద్ద పండగ. మామయ్య వేసిన సున్నాలు వెతికి, ఎవరివో పేర్లు పైకి చదివి నవ్వుకుంటూ చింపేవాళ్లం. రోజూ ఆ నీళ్లు మార్చాలి. మొదటి రోజు నీళ్లు నీలంగా, తర్వాత బూడిదరంగుగా వచ్చేవి. మూడు నాలుగు రోజులకి కాగితం వేళ్ల మధ్య విడిపోయేది. అప్పుడు మెంతులు నానబెట్టేది అమ్మమ్మ. కొలత అడిగితే చెప్పేది కాదు, "వాసన చూస్తే తెలీటంలా?" అనేది. మెంతుల చేదుకి పురుగు పట్టదనీ, ఆ జిగురుకి గుజ్జు గట్టిపడుతుందనీ అత్తయ్య చెప్పింది.

దంపడానికి వంటింటి రోలు వాడనిచ్చేవారు కాదు. దొడ్లో చింతచెట్టు కింద ఇంకో రోలుండేది, అంచు ఒక పక్క విరిగింది. అత్తయ్యా, పొలం పనికొచ్చే ఒక ముసలావిడా ఎదురెదురుగా నిలబడి రెండు రోకళ్లతో పోటు మార్చి పోటు వేసేవారు. వడ్లు దంపితే వచ్చే చప్పుడు వేరు, ఇది వేరు. తడి కాగితం మీద రోకలి పడితే 'దబ్' అని మెత్తగా మోగి, పైకి లాగేటప్పుడు 'చప్' అని వదిలేది. మధ్యాహ్నం నిద్రలో కూడా ఆ దబ్, చప్ వినపడుతుండేవి.

గుజ్జు అయిందో లేదో చూడటానికి అమ్మమ్మ వచ్చి చిటికెడు తీసుకుని బొటనవేలితో నొక్కేది. ఎక్కడైనా ఒక్క అక్షరం కనబడిందా, మళ్లీ దంపాల్సిందే. తర్వాత ఇత్తడి బిందెలు, సత్తు గిన్నెలు బోర్లించి, వాటి మీద తడిగుడ్డ కప్పి, ఆ గుడ్డ మీద గుజ్జు తట్టేవారు. మొదలు అడుగు, తర్వాత చుట్టూ పక్కలు, ఆఖరున అంచు. అరచేత్తో తడుతూ తిరగాలి. మందం అన్ని చోట్లా ఒక్కలా ఉందా లేదా అన్నది చెయ్యే చెప్తుంది. కొత్తవాళ్లు పక్కలు మందంగా, అంచు పల్చగా వేస్తారు. ఆరేటప్పుడు అక్కడే పగులుతుంది. తీసుకెళ్లి సరాసరి ఎండలో పెట్టినా పగులుతుంది. ముందు పంచలో నీడన ఒక రోజు, కాస్త బిగిశాక ఎండలో. సగం ఆరాక బిందె మీంచి గుడ్డతో సహా లాగేవారు. ఊడి వచ్చేటప్పుడు అందరం ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. పగుళ్లుంటే పక్కన ఉంచుకున్న గుజ్జుతో పూడ్చి, పగులు చుట్టూ కూడా తడిచేసి రుద్దాలి, లేకపోతే అతుకు ఊడి వస్తుంది. ఆపైన కాలవగట్టు నుంచి తెచ్చిన గులకరాయితో నున్నగా రుద్దడం.

ఆఖరున చింతగింజల జిగురు. గింజలు వేయించి, పొట్టు కొట్టి, నానబెట్టి, రుబ్బి, నీళ్లలో ఉడికిస్తే వచ్చేది. దాంతో లెక్కల పుస్తకాల్లో రాయకుండా మిగిలిన తెల్ల కాగితాలు బుట్ట లోపలా బయటా అంటించేవారు. చుట్టూ జాజు పూసి, సున్నంతో ముగ్గు. ఆ బుట్టలు అప్పడాలకీ, వడియాలకీ, ఎండుమిరపకాయలకీ. తేలిక. ఎత్తుకుని అటకెక్కినా బరువుండదు. కొత్త చేట కొన్నా ముందు దానికి గుజ్జు పట్టించాకే చెరగడానికి దించేవారు, వెదురు సందుల్లోంచి నూకలు జారిపోకుండా.

రోలు అడుగున మిగిలిన గుజ్జు పిల్లలది. అది రూలు. ముందే అడిగితే ఒక్క పిడికెడు కూడా దొరికేది కాదు. పెద్దవాళ్లు చేతులు కడుక్కోవడానికి లేస్తే చాలు, మేం రోలు మీద పడేవాళ్లం. దాంతో మామిడికాయలు, చిలకలు, గిన్నెలు, తిరగలి చేసేవాళ్లం. నేను శ్రద్ధగా మామిడికాయ చేసి తొడిమ కూడా గుచ్చి చూపిస్తే, అమ్మమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి "వంకాయ బాగుందే" అంది. మళ్లీ చేశాను. "ఇది కాస్త మామిడికాయే. రసమా, బంగినపల్లా?" అంది. అదే నాకు దొరికిన మెచ్చుకోలు. ఇప్పుడు పిల్లలు ఏం చేసినా 'సూపర్' అంటున్నాం. నేనూ అంటాను. వాళ్లు ఆ మాట వినే లోపే కాగితం పక్కన పడేసి పరుగెత్తుతారు.

మా కాయలూ చిలకలూ సంక్రాంతి బొమ్మల కొలువులో ఆఖరి మెట్టు మీద కూర్చునేవి. పై మెట్ల మీద కొండపల్లి బొమ్మలు. అంబారీ ఏనుగు, గంగిరెద్దు, దశావతారాలు, తాటిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడు. ఆ గీత కార్మికుడి చెయ్యి ఒకసారి ఊడితే అమ్మమ్మ చింతగింజల జిగురుతో అతికించి, "వాళ్లు చేసేదీ దీంతోనే" అంది. పెద్దయ్యాక కొండపల్లి వెళ్లి చూస్తే ఆవిడ చెప్పింది నిజమే. పొణికి కర్రను సన్నటి సెగ మీద ఆరబెట్టి, కాళ్లూ చేతులూ తలా విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపంపొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఆ మక్కుతోనే ముక్కూ చెవులూ దిద్దుతారు. ఆ పైన సున్నం పూత, రంగులు. పొణికి చెక్క అంత తేలికని చేత్తో పట్టుకుంటే గాని నమ్మలేం. తెలంగాణలో చేర్యాల మాస్కులకీ రంపంపొట్టూ చింతగింజల జిగురే.

*

అమ్మమ్మ ఇంట్లో కాగితంతో పాటు పడేయనిది ఇంకోటి, విరిగిన గాజులు. హార్లిక్స్ సీసా నిండా ఉండేవి. మట్టి గాజులే. ఆకుపచ్చ, ఎరుపు, బంగారు చుక్కలున్న నల్లవి. ఇంటికి పెళ్లికొచ్చిన వాళ్లవి, గాదె మూత తీస్తుంటే పగిలినవి, మా కొట్లాటల్లో పగిలినవి. ఫలానా గాజు ఎవరిదో అత్తయ్య గుర్తుపట్టి చెప్పేది.

వాటితో గొలుసులు చేసేవాళ్లు. కిరసనాయిలు బుడ్డి అయితే మసి మరీ ఎక్కువ పడుతుంది, అందుకని ఆముదం దీపం. రాత్రి భోజనాలయ్యాక పిన్ని పంచలో గోడకి ఆనుకుని కూర్చునేది. గాజు ముక్కని రెండు చివర్లా పట్టుకుని మధ్యభాగం మంట మీద పెట్టాలి. కాసేపు ఏమీ జరగదు. తొందరపడి వంచితే టప్‌మని విరిగి ముక్క ఎక్కడో పడుతుంది. ఓపిక పడితే మధ్యలో ఎర్రటి చుక్క ఒకటి లేచి, గాజు తనంతట తనే వంగడం మొదలుపెడుతుంది. అప్పుడు మెల్లగా రెండు కొనలూ దగ్గరికి తెచ్చి, వాటిని కూడా మంటలో పెట్టి, పట్టకారుతో చిన్నగా నొక్కితే అతుక్కుంటాయి. అతికే ముందే పక్క రింగులోంచి దూర్చాలి. దూర్చకుండా అతికేస్తే ఆ రింగు పనికిరాదు, అవి చెల్లికి ఇచ్చేసేవారు. చల్లారాక బూడిదతో తోమితే మసి పోయి మళ్లీ రంగు వచ్చేది.

ఆ దండలు గుమ్మానికి కట్టేవారు. గాలొస్తే సన్నగా గలగలమనేవి. పిల్లి దూరినా గలగలే, దొంగ దూరినా గలగలే అని తాతయ్య వేళాకోళం. పిన్ని పెళ్లయి వెళ్లేటప్పుడు సారెలో లడ్డూల డబ్బాల మధ్య అలాంటి దండ ఒకటి పాత చీరలో చుట్టి పంపారు. ఆ ఊరు చేరేసరికి అందులో ఎన్ని రింగులు మిగిలాయో ఎవరూ మాకు చెప్పలేదు.

మగపిల్లలకి ఇవేవీ పట్టేవి కావు. వాళ్లది ముంజెల బండి. ముంజెలు తినేసిన తాటికాయలు రెండు, మధ్యలో ఇరుసుగా ఒక పుల్ల, తోయడానికి పంగల కర్ర. సాయంత్రానికి రోడ్డంతా బళ్లే. రెండో రోజుకి కాయలు వాడి, మూడో రోజుకి ఈగలు ముసిరి, కొత్త కాయలు. బాగుచేయడం అన్న మాటే లేదు ఆ బళ్లకి. మేం తాటాకుతో పెళ్లికూతురినీ పెళ్లికొడుకునీ చేసి పెళ్లి చేస్తుంటే, ఊరేగింపుకి మాత్రం ఆ బండే అద్దెకి తెచ్చుకోవాలి. అద్దె రెండు బెల్లం ముక్కలు.

*

బళ్లో క్రాఫ్ట్ పీరియడ్ వారానికొకటి. మా అమ్మ చదువుకునే రోజుల్లో ఆ పీరియడ్ అంటే తకిలీ. ఏకులు తెచ్చుకుని నూలు వడకడం. 1937లో వార్ధాలో గాంధీగారు చేతిపనితో చదువు అన్నప్పటి నుంచీ వచ్చిన పద్ధతి, అప్పటికింకా కొన్ని బళ్లలో మిగిలి ఉంది. అమ్మ తకిలీ మా చిన్నప్పుడు కూడా ఇంట్లో ఉండేది. ఇత్తడి బిళ్ల, సన్నటి కమ్మీ. మేం దాన్ని బొంగరంగా తిప్పేవాళ్లం. ఒకసారి అమ్మ మా చేతిలోంచి లాక్కుని, దూదిపింజ ఒకటి చుట్టి, తొడ మీద రుద్ది వదిలింది. తకిలీ గిర్రున తిరుగుతూ కిందికి దిగుతుంటే, వేళ్ల మధ్య నుంచి దారం వస్తూనే ఉంది. ఆమె మొహంలో మాకు తెలియని ఒక పదేళ్ల పిల్ల కనపడింది. దారం తెగగానే "పోండి, చదువుకోండి" అంది.

మా కాలానికి ఆ పీరియడ్ ఎస్‌.యు.పి.డబ్ల్యు. అయింది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సిఫారసు చేసిన పేరు అది, సోషల్లీ యూజ్‌ఫుల్ ప్రొడక్టివ్ వర్క్. పూర్తి పేరు అడిగితే చెప్పగలిగినవాడు క్లాసులో ఒక్కడుండేవాడు. మాకు మాత్రం అది సుద్దముక్కల క్లాసు. డ్రాయింగు మాస్టారే అదీ చెప్పేవారు. రెండు పలకలుగా విడిపోయే లోహపు అచ్చు, దాన్ని బిగించే మరలు. ముందు కన్నాలన్నిటికీ కిరసనాయిలూ వేరుశెనగ నూనే కలిపి పుల్లకి చుట్టిన గుడ్డతో రాయాలి. రాయకపోతే సుద్దలు అచ్చుకి కరుచుకుని ముక్కలవుతాయి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నీళ్లలో కలపగానే గబగబా పోసేయాలి. ఆలస్యమైతే డబ్బాలోనే గట్టిపడి, డబ్బా కూడా పోతుంది. కాసేపటికి అచ్చు మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది. మరలు విప్పి పలకలు తీస్తే, తెల్లటి సుద్దలు వరసగా. మాస్టారు ఒకటి తీసి నల్లబల్ల మీద గీసేవారు. కీచుమని గీరేది. కొనుక్కున్న సుద్ద కీచుమనదు, మాదే కీచుమనేది. "మన సరుకు, మనమే భరించాలి" అనేవారాయన. ఆ నెలంతా హెడ్మాస్టరు గారితో సహా బళ్లో అందరూ ఆ కీచు భరించేవారు.

డ్రాయింగు మాస్టారి చేతికి ఒక వేలు సగమే ఉండేది. ఎలా పోయిందని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఆ సగం వేలితోనే అగ్గిపుల్లల ఇళ్లకి పైకప్పు నొక్కి అంటించేవారు.

*

ఉద్యోగంలో చేరాక చేతిపనులన్నీ పోయాయి. బ్యాంకు ఉద్యోగం, రోజంతా వేళ్లు నోట్లు లెక్కపెట్టడానికే. ఎలమంచిలి వేసినప్పుడు మాత్రం ఒక అదృష్టం పట్టింది. ఏటికొప్పాక అక్కడికి దగ్గరే. వరాహ నది ఒడ్డున ఊరు. లోన్ల పని మీద ఫీల్డ్ ఆఫీసరుతో మొదటిసారి వెళ్లాను. తర్వాత పని లేకపోయినా వెళ్లేదాన్ని.

చిన్నప్పుడు ఆడుకున్న లక్కపిడతలు ఎలా పుట్టేవో అక్కడ చూశాను. అంకుడు కర్ర ముక్కని లేత్ మిషను మీద బిగించి, ఉలి ఆనిస్తే పొట్టు చుట్టలు చుట్టలుగా రాలేది. బొంగరమో, గిన్నో, కుంకుమ భరిణో ఆకారం వచ్చాక, ఇంకా తిరుగుతుండగానే రంగు లక్క కడ్డీ దానికి ఆనించేవారు. రాపిడి వేడికి లక్క కరిగి చెక్క చుట్టూ పరుచుకునేది. దాని మీద ఎండిన మొగలి ఆకు అదిమితే అద్దం మెరుపు. రంపంపొట్టు వాసన, కాలిన లక్క వాసన, మొగలి ఆకు రాపిడికి వచ్చే ఇంకేదో వాసన. అక్కడ ఒక పెద్దాయన నా చేతికి కడ్డీ ఇచ్చి, "ఎక్కువ నొక్కితే గీత పడిపోద్దండి, తక్కువ నొక్కితే రంగెక్కదండి. మరెంతా అని నన్నడక్కండి" అన్నాడు. అమ్మమ్మ మాట గుర్తొచ్చి నవ్వొచ్చింది. లోన్ ఫారంలో 'నైపుణ్యం' అన్న గడి దగ్గర ఆయన 'బొమ్మలు' అని రాయించాడు. మా వాళ్లు దాన్ని కొట్టేసి 'చెక్క పని' అని రాశారు. నాకు ఇప్పటికీ ఆ కొట్టివేత నచ్చదు.

పసుపు, నీలి, జాఫ్రా గింజల రంగులు మళ్లీ ఆ బొమ్మల మీదికి రావడానికి ఆ ఊరి సి.వి. రాజుగారు ఏళ్ల తరబడి కష్టపడ్డారు. 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చిందని టీవీలో చూసి, మా పాత కొలీగ్స్ అందరికీ ఫోన్లు చేశాను. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మకి ఏ రంగు వేయాలన్నది చిన్న విషయం కాదు. లక్కపిడతల మూతలు మేమందరం నాకినవాళ్లమే.

*

అమ్మ చేతిపనుల్లో నా దగ్గర మిగిలింది వైరు బుట్ట ఒక్కటే. ఒకప్పుడు మా వీధంతా ఆ పిచ్చి పట్టింది. ప్లాస్టిక్ వైరు కట్టలు కొనుక్కొచ్చి, మూరలు కొలిచి కోసి, మధ్యాహ్నం రేడియో పెట్టుకుని నలుగురూ ఒక అరుగు మీద చేరేవారు. ముడి పడినప్పుడల్లా వైరు కిర్రుమనేది. రంగుల దగ్గర పోటీ. పక్కింటావిడ ఎరుపూ తెలుపూ వేస్తే, అమ్మ ఆకుపచ్చా పసుపూ. అడుగు అల్లడం అందరికీ వచ్చేది. మూల తిప్పడమే కష్టం, అక్కడ ఒక ముడి తప్పితే బుట్ట ఒక పక్కకి ఒరుగుతుంది. మా వీధిలో మూల తిప్పడానికి అందరూ మా అమ్మ దగ్గరికే వచ్చేవారు. అమ్మ ఆ కాసేపు చాలా గొప్పగా ఉండేది, కాఫీ కూడా అడిగించుకుని తాగేది. చివర మిగిలిన జానెడు వైరు ముక్కలతో మాకు పెన్నుకి తొడుగు, తాళంచెవికి కుచ్చు.

ఆ ఆకుపచ్చ బుట్టలో ఇప్పటికీ ఉల్లిపాయలు పోస్తున్నాను. ఈ మధ్య పిడి దగ్గర రెండు ముళ్లు ఊడాయి. అపార్ట్‌మెంట్‌లో అందరినీ అడిగాను, ఎవరికీ రాదు. ఒకావిడ గ్లూ గన్ ఇస్తానంది. ఆఖరికి మా వాచ్‌మన్ భార్య చూసి, "ఇలా తెండమ్మా" అని బుట్ట లాక్కుని, మెట్ల మీద కూర్చుని, జడపిన్నుతో పాత ముడి వదులు చేసి, కొత్త వైరు దూర్చి బిగించేసింది. వాళ్లది మహబూబ్‌నగర్ వైపు. వాళ్లమ్మ నేర్పిందట. డబ్బులిస్తే తీసుకోలేదు. "ఆ మిగిలిన వైరు నాకియ్యరాదుండ్రి" అంది. ఇచ్చాను. వారం తిరక్కుండా వాళ్ల పిల్ల స్కూలుకి తీసుకెళ్లే నీళ్ల సీసాకి ఆకుపచ్చ పిడి వచ్చింది. మూల దగ్గర ముడి చూశాను, సరిగ్గానే తిప్పింది. ఆ పిల్ల స్నేహితురాళ్లు తమకీ కావాలంటున్నారట. వైరు ఏ కొట్లో దొరుకుతుందో కనుక్కుని చెప్పమని నన్ను అడుగుతోంది. బేగంబజార్ వెళ్లి చూడాలి.